యూనివర్సిటీ సంగీతం ఆడిషన్‌లోపు ఇంకా ఎన్ని కృతులు నేర్చుకోవాలి?

నర్సంపేట వైపు అమ్మాయి ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "వరంగల్ విద్యారణ్య ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో గాత్రం సర్టిఫికెట్ కోర్సు పూర్తి చేశాను. ఇప్పుడు హనుమకొండలో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. డిగ్రీలో కర్ణాటక సంగీతమే చదవాలని ఉంది. ఢిల్లీ యూనివర్సిటీకి దరఖాస్తు చేద్దామనుకుంటున్నాను. వర్ణాలు (సాధనకు, కచేరీ మొదట్లో పాడే స్వర రచనలు), కృతులు కలిపినా నాకు గట్టిగా పదిహేను రావు. ఆడిషన్‌లోపు ఇంకా ఎన్ని నేర్చుకోవాలి? కొత్తవాళ్ల ముందు పాడాలంటే గొంతు వణుకుతుంది. మా నాన్నేమో సంగీతం చదివి ఏం చేస్తావు అంటున్నాడు."

బిడ్డా, కొత్తది ఒక్కటి కూడా నేర్చుకోకు. వచ్చినవాటిలోంచే ఐదు తీసుకో. ఆడిషన్ దాకా ఆ ఐదింటితోనే ఉండు.

నేను చాలా ఏళ్లు గాత్రం పాఠం చెప్పాను. ప్రవేశ పరీక్షల్లో ప్యానెల్‌లోనూ కూర్చున్నాను. లోపలికి వచ్చిన ఒక్కో పిల్లకు దొరికేది కొద్ది నిమిషాలే. ఆ కాసేపట్లో ఎవరికి ఎన్ని కృతులు వచ్చో ఎవరూ లెక్కపెట్టరు. శ్రుతిలో నిలబడుతుందా, తాళం చేతిలో ఉందా, మేం ఒక మాట చెబితే విని పట్టుకోగలదా అని చూస్తాం. ఈ మూడోదే అన్నిటికంటే ముఖ్యం. మేం వెతికేది కచేరీ చేసే విద్వాంసురాలిని కాదు, కొన్నేళ్లపాటు మా ముందు కూర్చుని నేర్చుకోగలిగిన విద్యార్థిని. కృతులు మేం నేర్పుతాం, ఎన్నైనా నేర్పుతాం. చెవి లేకుండా వచ్చిన పిల్లకు మూడో ఏట కూడా చెవి తెప్పించడం కష్టం.

దరఖాస్తు చేసేముందు ప్రకటన మొత్తం చదువు. ఢిల్లీ యూనివర్సిటీలో హిందుస్తానీతో పాటు కర్ణాటక సంగీతం కూడా ఉంది కాబట్టి నీకు ఇబ్బంది లేదు. కానీ ఉత్తరాదిలో చాలా చోట్ల హిందుస్తానీ ఒక్కటే నేర్పుతారు. పేరు చూసి ఫీజు కట్టేసి, తర్వాత బాధపడే పిల్లలు ఉన్నారు. ఢిల్లీ యూనివర్సిటీలో సీయూఈటీ (యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) మార్కులతో పాటు ప్రాక్టికల్ పరీక్ష కూడా ఉంటుంది. వర్ణం ఎన్ని కాలాల్లో (వేగాల్లో) పాడాలి, ఆలాపన (మాటలు లేకుండా రాగాన్ని విస్తరించడం) అడుగుతారా, మనోధర్మం (అప్పటికప్పుడు సొంతంగా కల్పించి పాడడం) అడుగుతారా అన్నది ఆ ఏడాది ప్రకటనలో ఎలా రాస్తే అలాగే నమ్ము. సీనియర్లు చెప్పిన పాత మాటలతో సిద్ధం కాకు.

ఇక ఆ ఐదు ఏవి అంటే, రెండు వర్ణాలు, మూడు కృతులు. కష్టమైనవి వెతకకు, నీకు పాతబడ్డవి తీసుకో. సర్టిఫికెట్ మొదట్లో నేర్చుకున్న మోహనం ఆదితాళ వర్ణం నిద్రలో లేపినా పాడతావు కదా, అదే తీసుకో. రెండో వర్ణం ఇంకో రంగుది ఉండాలి, ఆభోగి లాంటిది. కృతుల్లో ఒకటి ప్రతిమధ్యమ రాగంలో (మధ్యమం ఇంకాస్త పైన పలికే రాగంలో) ఉండేలా చూడు, కల్యాణి గానీ పంతువరాళి గానీ. ఒకటి ఆదితాళం కానిదై ఉండాలి, రూపకమో మిశ్రచాపో. మూడోది నువ్వు పాడుతుంటే నీకే సంతోషం కలిగేది. తెలంగాణ పిల్లవు, ఆనందభైరవిలో రామదాసు కీర్తన పాడినా ఎవరూ చిన్నచూపు చూడరు. నిదానంగా, మాట చెదరకుండా పాడితే అది ఎంత పెద్ద కీర్తనో వాళ్లకు తెలుసు. తోడి, భైరవి లాంటివి నీ గురువు దగ్గర కూర్చుని గమకం గమకంగా (స్వరాన్ని ఊపి పలికించే తీరుతో సహా) ఇప్పటికే నేర్చుకుని ఉంటే తప్ప ముట్టుకోకు. తోడి గాంధారం ఒక్కసారి పలికించగానే ఆ రాగం నీకు ఎంతవరకు వచ్చో ప్యానెల్‌కు అర్థమైపోతుంది.

వర్ణం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. చాలామంది పిల్లలు సీటు పోగొట్టుకునేది ఇక్కడే. క్లాసులో గురువుగారు తాళం వేస్తుంటే పదిమంది కలిసి పాడతారు. అలా నేర్చుకున్న పిల్లకు పాట వస్తుంది గానీ తాళం రాదు. ఆడిషన్‌లో మృదంగం ఉండదు, పక్కన పాడేవాళ్లు ఉండరు, తాళం వేయాల్సింది నీ చెయ్యే. మొదటి కాలం బాగానే నడుస్తుంది. రెండో కాలం అనగానే పాటతో పాటు చెయ్యి కూడా తొందరపడుతుంది. అసలు రెండో కాలమంటే చెయ్యి అదే నడకలో ఉండాలి, పాట మాత్రమే రెట్టింపు కావాలి. ఫోన్‌లో మెట్రోనోమ్ పెట్టుకో, నిమిషానికి అరవై దెబ్బలు చాలు. ఆదితాళం ఎనిమిది అక్షరాలు, నాలుగు, రెండు, రెండు. పాట లేకుండా ఉత్త తాళమే పది ఆవర్తాలు (చుట్లు) వెయ్యి. తర్వాత పల్లవి మొదటి కాలంలో, వెంటనే రెండో కాలంలో, మళ్లీ మొదటి కాలంలో పాడు. చేతి నడక మారకూడదు. అది కుదిరాక మధ్యలో రెండు ఆవర్తాల పాటు మెట్రోనోమ్ శబ్దం తీసేసి, మళ్లీ పెట్టి చూడు. చెయ్యి, దెబ్బ కలిసే పడుతున్నాయా? పడనంత వరకు కృతి జోలికి వెళ్లకు.

ఇంకోటి. పల్లవి నుంచి చివరిదాకా ఒక్క ఊపున పాడడం అలవాటైన పిల్లను "చరణం మూడో స్వరం నుంచి అందుకోమ్మా" అని ఆపితే బిక్కమొహం వేస్తుంది. ప్యానెల్ ఇలా తప్పకుండా ఆపుతుంది. కాబట్టి ఏ చిట్టస్వరం (వర్ణంలోని స్వరాల ముక్క) నుంచైనా, ఏ ఎత్తుగడ నుంచైనా మొదలుపెట్టగలిగేలా చూసుకో. చీటీల మీద వర్ణంలోని భాగాల పేర్లు, "ముక్తాయి స్వరం", "చరణం రెండో స్వరం", "అనుపల్లవి రెండో కాలం" అని రాసి పెట్టుకుని, ఏది వస్తే అది పాడు. తర్వాత వర్ణమంతా అకారంలో, అంటే "ఆ" అంటూ పాడు. స్వరాల పేర్లు తీసేసినా ప్రతి స్వరం దాని స్థానంలో పలుకుతుందో లేదో అప్పుడే బయటపడుతుంది.

శ్రుతి. నీ శ్రుతి, అంటే నీ ఆధార షడ్జం ఎత్తు, ఎంతో నీకు తెలుసా? క్లాసులో అందరికీ కలిపి ఒకే శ్రుతి పెడతారు, అది నీది కాకపోవచ్చు. ఆడపిల్లల గొంతు మామూలుగా, హార్మోనియం తెల్ల మెట్ల లెక్కలో, ఐదు నుంచి ఆరు మధ్య ఉంటుంది. మంద్ర (కింది స్థాయి) పంచమం గాలి కాకుండా పలకాలి, తార (పై స్థాయి) గాంధారం అరుపు కాకుండా పలకాలి. ఆ రెండూ కుదిరేదే నీ శ్రుతి. పొద్దున గొంతు కాస్త కిందికే ఉంటుంది కాబట్టి ఉదయం పూట ఏది సుఖంగా ఉంటుందో అదే ఖాయం చేసుకో. ఆడిషన్ గదిలో "నా శ్రుతి ఐదున్నర" అని తడుముకోకుండా చెప్పగలగాలి. తర్వాత శ్రుతి మార్చకు. పై స్థాయిలో ఒక సంగతి (పాటలో ఒక పంక్తినే కొద్దిగా మార్చి పాడే తీరు) అందడం లేదని అర శ్రుతి తగ్గించుకుంటే మిగతా పాటంతా కింద నీరసపడిపోతుంది. ఆ సంగతి వదిలేయడం మేలు.

తంబూరా యాప్ వాడితే వాడు, కానీ శబ్దం తక్కువగా పెట్టు. ఎక్కువ పెడితే నీ గొంతు ఎక్కడ తప్పుతుందో నీకు వినపడదు. రోజూ పాడేముందు కాసేపు ఏమీ పాడకుండా తంబూరానే విను. మంద్ర షడ్జం సరిగ్గా పలుకుతుంటే అందులో అంతర గాంధారం దానంతట అదే సన్నగా వినిపిస్తుంది. ఎవరూ మీటని స్వరం అది. మొదట్లో వినపడదు, కొన్నాళ్లకు తప్పకుండా వినపడుతుంది. అది వినిపించిన చెవి ఇక శ్రుతి తప్పితే ఊరుకోదు. పొద్దున మంద్ర స్థాయిలో సా, నీ, దా, పా అని ఒక్కో ఊపిరికి ఒక్కో స్వరం నిలుపు. గొంతు వణుకుతోందన్నావు కదా, దానికి మొదటి మందు కూడా ఇదే. వణుకు సగం భయం, సగం ఊపిరి చాలకపోవడం.

ఇక విని పట్టుకోవడం. ప్యానెల్‌లో ఒకరు చిన్న ముక్క పాడి "ఇది అను" అంటారు. అనగలిగితే "స్వరాలు చెప్పు" అంటారు. చాలామంది దీనికి సిద్ధమే కారు, ఇదేదో పుట్టుకతో రావాలి అనుకుంటారు. అలా ఏం లేదు, సాధన చేస్తే వస్తుంది. ఐదు స్వరాల రాగాలతో మొదలుపెట్టు. మోహనంలో ధైవతం తీసేసి కాకలి నిషాదం పెడితే హంసధ్వని. గాంధారం తీసేసి శుద్ధ మధ్యమం పెడితే శుద్ధసావేరి. ఒక్క స్వరం తేడాతో రాగం ముఖమే మారిపోతుంది. వీటిని వెంటవెంటనే పాడుతుంటే ఆ ఒక్క స్వరం చెవిలో ముద్ర పడిపోతుంది. తర్వాత మోహనం స్వరాలనే ఉంచి ఆధారం మార్చి చూడు. రిషభాన్ని షడ్జం చేసుకుంటే మధ్యమావతి, గాంధారాన్ని చేసుకుంటే హిందోళం, పంచమాన్ని చేసుకుంటే శుద్ధసావేరి వస్తాయి. గ్రహభేదమని పుస్తకంలో చదివి ఉంటావు. చదివితే అది ఒక మార్కు ప్రశ్న, పాడి చూస్తే చెవికి అంతకు మించిన సాధన లేదు.

సంగీత కళాశాల స్నేహితురాలు ఎవరైనా ఉంటే రోజూ కాసేపు ఫోన్‌లో ఒకరు పాడి ఇంకొకరు అనండి. ఎవరూ దొరక్కపోతే నీకు తెలిసిన బతుకమ్మ పాటలు తీసుకో. వాటిలో చాలావరకు నాలుగైదు స్వరాల్లోనే తిరుగుతాయి. మీ అమ్మ, మీ అమ్మమ్మ ఏ ఎత్తులో పాడతారో గుర్తు తెచ్చుకుని, వాటికి స్వరాలు రాయి. ఎవరూ రాసి ఇవ్వని పాటకు నువ్వే స్వరం రాయగలిగావంటే ప్యానెల్ అడిగే ముక్కకు భయపడాల్సిన పని లేదు. "మీ ప్రాంతం పాట ఒకటి పాడు" అని అడిగేవాళ్లు కూడా ఉంటారు. సిగ్గుపడకుండా పాడు, దాని స్వరాలు కూడా చెప్పు. అలాంటి పిల్ల ప్యానెల్‌కు గుర్తుంటుంది.

హాస్టల్ సమస్య నాకు తెలుసు. పొద్దున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, మధ్యలో నోరు తెరిస్తే పక్కవాళ్లకు ఇబ్బంది. ఈ రోజుల్లో మన దగ్గర సంగీతం నేర్చుకునే పిల్లలకు ఇంటర్ రెండేళ్లే పెద్ద గండం, చాలామంది ఇక్కడే వదిలేస్తున్నారు. నువ్వు వదలకు. పాడకుండా చేసే సాధన కూడా ఉంది. ఒళ్లో చెయ్యి పెట్టుకుని సన్నగా తాళం వేస్తూ వర్ణం మొత్తం మనసులో నడిపించు. ఎక్కడ ఆగిపోయావో అక్కడ నీకు సరిగ్గా రాలేదని అర్థం. నోటితో పాడేటప్పుడు అలవాటు మీద దాటిపోయే తప్పులు మనసులో పాడితే దొరుకుతాయి. వార్డెన్‌ను అడిగి పొద్దున డాబా మీద అరగంట తీసుకో. "మా అమ్మాయికి పరీక్ష ఉంది" అని మీ నాన్న వచ్చి ఒక్క మాట చెబితే కాదనరు. మార్చిలో ఇంటర్ పరీక్షలు అయ్యాక నీకు కావాల్సినంత సమయం దొరుకుతుంది. అప్పటిదాకా గొంతు తెగిపోకుండా, చెవి మొద్దుబారకుండా చూసుకుంటే చాలు. ఇంటర్ మార్కులను, సీయూఈటీని తేలిగ్గా తీసుకోకు, అవి లేకుండా ఆడిషన్ దాకా వెళ్లవు.

ఒక విషయంలో నీకు పుట్టుకతో వచ్చిన బలం ఉంది. కర్ణాటక సంగీతంలో పాడే సాహిత్యంలో ఎక్కువ భాగం మన తెలుగే. తమిళ పిల్ల, మలయాళ పిల్ల కష్టపడి పలికే మాటలు నీకు ఇంటి మాటలు. మరి అర్థం అడిగితే చెప్పగలవా? వరుసగా తెలుగు పిల్లలే చరణానికి అర్థం చెప్పలేక తల దించుకోవడం చూశాను, నాకు చాలా బాధనిపించింది. మూడు కృతులకూ ప్రతి మాటకూ అర్థం రాసుకో. ఎక్కడ ఊపిరి తీస్తున్నావో గుర్తుపెట్టు. మాట మధ్యలో ఊపిరి తీస్తే మాట రెండు ముక్కలై అర్థమే మారిపోతుంది. పాటను ఒకసారి స్వరం లేకుండా, మాట్లాడినట్టు చదివి చూడు. ఎక్కడ విరవాలో నీకే తెలుస్తుంది. ఒత్తులు, దీర్ఘాలు స్పష్టంగా పలుకు. ఈ ఒక్క పని చేస్తే చాలు, నువ్వు మిగతావాళ్లలో కలిసిపోవు.

థియరీకి భయపడకు. 72 మేళకర్తల్లో (మూల రాగాల్లో) 36వది దాకా శుద్ధ మధ్యమం, 37 నుంచి ప్రతిమధ్యమం అని తెలుసు కదా. పాడే ఐదు రాగాలకు మేళకర్త ఏది, సంఖ్య ఎంత, ఆరోహణ అవరోహణలు ఏమిటి, దగ్గరి రాగం ఏది అన్నది గట్టిగా ఉండాలి. 29 శంకరాభరణానికి 36 కలిపితే 65 కల్యాణి, 15 మాయామాళవగౌళకు కలిపితే 51 పంతువరాళి, ఈ పద్ధతిలో గుర్తుంచుకో. సప్త తాళాలు, వాటి జాతులు, సంగీత త్రయం (త్యాగరాజు, ముత్తుస్వామి దీక్షితులు, శ్యామశాస్త్రి) కాలాలు చూసుకో. త్యాగరాజు 1767లో పుట్టి 1847లో పోయారు, అంతవరకు తెలిస్తే సరిపోతుంది. వరంగల్ నుంచి వచ్చావు అనగానే ఊరి గురించి అడుగుతారు. కాకతీయ గణపతిదేవుని దగ్గర గజసేనాధిపతిగా ఉన్న జాయప 13వ శతాబ్దంలో నృత్త రత్నావళి రాశాడని, 1213 నాటి రామప్ప గుడి మీద నాట్య భంగిమలు, వాద్యాలు ఉన్నాయని నువ్వు చెప్పగలగాలి. ఇంకా చూడకపోతే పరీక్షలయ్యాక ఆ గుడి ఉన్న పాలంపేట వెళ్లి చూసిరా. తెలుగు విశ్వవిద్యాలయం వాళ్ల జానపద గిరిజన విజ్ఞాన పీఠం వరంగల్‌లోనే ఉంది, అదీ తెలుసుకుని ఉండు.

కొత్తవాళ్ల ముందు భయం ఇంట్లో కూర్చుంటే పోదు. ఏప్రిల్ నుంచి వారానికోసారైనా తెలియని మనుషుల ముందు పాడు. భద్రకాళి గుడిలో గానీ, మీ ఊరి గుడిలో గానీ పూజారిగారిని అడిగితే ఒక కీర్తన పాడనివ్వరా? విద్యారణ్య కళాశాలలో నీకు చెప్పని అధ్యాపకుల దగ్గరికి వెళ్లి, "పది నిమిషాలు వినండి, ఎక్కడైనా ఆపండి" అని బతిమాలు. వాళ్లు ఆపడమే నీకు కావాలి. మైకు, ఎకో, కరోకే ట్రాక్ ఆడిషన్ అయ్యేదాకా పక్కన పెట్టు. సినిమా పాటంటే నాకేం వ్యతిరేకత లేదు, కానీ ట్రాక్ మీద పాడే గొంతు ట్రాక్ లేకపోతే నిలబడడం మరచిపోతుంది. పాడింది రికార్డు చేసి మర్నాడు విను, వెంటనే వినకు. వెంటనే వింటే పాడినప్పటి మనసుతోనే వింటావు.

ఆ రోజు లోపలికి వెళ్లాక నమస్కారం చెప్పి కూర్చో, శ్రుతి పెట్టించుకుని ఒక్క సా తీరిగ్గా పలుకు. తొందరేమీ లేదు, వాళ్లు ఆగుతారు. ఆ మొదటి షడ్జంలోనే నీ గురించి చాలా తెలిసిపోతుంది. మధ్యలో ఎక్కడైనా తప్పితే చెయ్యి ఆపకు, తాళంలో తర్వాతి చోట అందుకో. క్షమించండి అనకు, మొహం చిట్లించకు. పాట మధ్యలో చాలు అన్నారంటే బాగోలేదని కాదు, వాళ్లకు కావాల్సింది దొరికింది, తర్వాతి ప్రశ్నకు వెళ్తున్నారు. ఏదైనా సరిదిద్ది చెబితే వాదించకుండా, "మా గురువుగారు ఇలాగే చెప్పారు" అనకుండా, వాళ్లు చెప్పినట్టు పాడటానికి ప్రయత్నించు. పూర్తిగా రాకపోయినా పరవాలేదు, ప్రయత్నం చూస్తారు.

గొంతుకు పెద్ద పథ్యాలేమీ అక్కర్లేదు. నిద్ర, నీళ్లు, అరవకపోవడం. మన ఎండలకు ఐసు నీళ్లు తాగాలనిపిస్తుంది, కుండ నీళ్లు తాగు. ప్రయాణం మాత్రం ముందే ఆలోచించుకో. కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా న్యూఢిల్లీ. దిగిన రోజే పరీక్ష పెట్టుకోకు. ఒకటి రెండు రోజులు ముందు చేరి, ఆ నీళ్లకు, ఆ గాలికి గొంతు అలవాటు పడనివ్వు. రైల్లో రాత్రంతా మాట్లాడుతూ కూర్చోకు.

మీ నాన్న అడిగింది తప్పు కాదు బిడ్డా, ఆయనకు తెలిసిన లెక్కలో ఈ చదువు లేదు. కోపం తెచ్చుకోకుండా కూర్చోబెట్టి చెప్పు. కేంద్రీయ విద్యాలయాల్లో సంగీతం టీచర్ పోస్టుకు సంగీతంలో డిగ్రీ అడుగుతారు. పీజీ తర్వాత యూజీసీ నెట్‌లో సంగీతం ఒక సబ్జెక్టు, అది దాటితే డిగ్రీ కళాశాలలో, యూనివర్సిటీలో పాఠం చెప్పడానికి అర్హత వస్తుంది. ఆకాశవాణి ఆడిషన్‌లో నెగ్గితే బి నుంచి టాప్ దాకా గ్రేడ్లు ఉంటాయి. వీటిలో ఏదీ గ్యారంటీ కాదని కూడా ఆయనకు చెప్పు, దాచకు. వీలైతే సంగీత కళాశాలలో నీకు చెప్పిన గురువుగారితో ఒకసారి మాట్లాడించు. నువ్వు చెప్పేదానికంటే ఆ మాట ఆయనకు ఎక్కువ ఆనుతుంది.

ఢిల్లీలో సీటు రాకపోతే ఏడాది వృథా అనుకోకు. సర్టిఫికెట్ తర్వాత రెండేళ్ల డిప్లొమా మన విద్యారణ్యలోనే ఉంది. హనుమకొండలో ఏదైనా మామూలు డిగ్రీలో చేరి, సాయంత్రం డిప్లొమా చేయడం కుదురుతుందేమో కళాశాలలో అడుగు. ఆ దరఖాస్తు తేదీలు కూడా ఇప్పుడే తెలుసుకుని ఒక కాగితం మీద రాసి పెట్టుకో, ఢిల్లీ ఫలితం వచ్చేదాకా ఆగితే ఇక్కడి గడువు దాటిపోవచ్చు.